డెడ్‌జోన్ పెంచిన శుక్రవారం

2023 వేసవి. దోహాలోని అబూ హమూర్‌లో ఒక కంప్యూటర్ రిపేరు షాపులో నేను పనికి చేరి అప్పటికి ఆరేళ్లయింది. మాది అమలాపురం దగ్గర. కౌంటర్ వెనక ఆడమనిషిని చూసి "టెక్నీషియన్ లేడా?" అని అడిగేవాళ్లు ఇంకా వస్తూనే ఉండేవారు. యాదగిరి అన్న అలా అడగలేదు. ఒక శుక్రవారం మధ్యాహ్నం అల్ వక్రా నుంచి బస్సులో, సీపీయూను, ఆటకు వాడే జాయ్‌స్టిక్‌ను దుప్పట్లో చుట్టి ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. ఫోన్లో నేను మా అమ్మతో మాట్లాడుతుంటే విని, "తెలుగేనా బిడ్డా? బతికిన" అన్నాడు.

ఆయనది జగిత్యాల వైపు. వయసు యాభై దాటింది. టవర్ క్రేన్ ఆపరేటర్. కట్టే భవనాలకంటే ఎత్తున చిన్న క్యాబిన్‌లో కూర్చుని, జాయ్‌స్టిక్ లాంటి చేతి లివర్లతో ఇనుమూ కాంక్రీటూ ఎత్తి దించడం ఆయన పని. సెలవు రోజున కంప్యూటర్‌లో అంతరిక్ష నౌకలు నడిపే ఆట ఆడతాడు. రూములో మిగతావాళ్లు నిద్రపోతుంటే ఆయన భూమి చుట్టూ ముక్కముక్కగా ఒక స్పేస్ స్టేషన్ కడుతున్నాడు.

"డాకింగ్ అయితలేదు బిడ్డా. మొదట్ల అలకగ కలిపెటోన్ని. నెల దినాల సంది దగ్గరికి పోంగనే షిప్పు వణుకుతాంది."

డాకింగ్ అంటే కక్ష్యలో తిరుగుతున్న రెండు నౌకలను మూతికి మూతి ఆనించి తాళం పడేలా కలపడం. రెండూ మహావేగంతో పోతుంటాయి. ఒకదాని వైపు ఒకటి మాత్రం చీమ నడకలా జరగాలి. ఆ ఆట మా షాపులో చాలామంది ఆడేవారు, నేనూ ఆడేదాన్ని. అందుకే ఆయన సమస్య నన్ను ఊరించింది.

వరసగా చూసుకుంటూ వెళ్లాను. రెండు వైపులా డాకింగ్ పోర్టులు, అంటే ఆ కలిసే మూతులు, ఒకే సైజులో ఉన్నాయా? ఉన్నాయి. నౌకను ముక్కు వైపు నుంచి నడుపుతున్నాడా, పోర్టు వైపు నుంచా? పోర్టు వైపు నుంచే. పక్కలకు జరిపే చిన్న జెట్లను ఆర్‌సీఎస్ అంటారు. అవి బరువు మధ్యకు సరిగ్గా అటూ ఇటూ లేకపోతే నౌక తిరిగిపోతుంది. తూకం వేసినట్టు అమర్చాడు. జాయ్‌స్టిక్ పక్కన పెట్టి నేను కీబోర్డుతో నడిపి చూశాను. మొదటిసారికే తాళం పడింది.

"అంటే జాయ్‌స్టిక్కే!" అన్నాడు. ఆ గొంతులో ఆశ నాకు అప్పుడు అర్థం కాలేదు.

జాయ్‌స్టిక్ కదలికను గీతగా చూపించే టెస్ట్ ప్రోగ్రాం తెరిచాను. ఎవరూ ముట్టుకోనప్పుడు గీత తిన్నగా ఉంది. నేను పట్టుకున్నా తిన్నగానే ఉంది. "ఒకసారి మీరు పట్టుకోండన్నా, కదపకుండా" అన్నాను. ఆయన కుడిచేత్తో పట్టుకున్నాడు. గీత మీద చిన్న చిన్న అలలు మొదలయ్యాయి. కుట్టు మిషన్ వేసినట్టు, అన్నీ ఒకే కొలత. ఎడమ చేత్తో పట్టుకోమంటే ఆగిపోయాయి. మళ్లీ కుడిచేయి, మళ్లీ అలలు.

మానిటర్ నా వైపే ఉంది. ఆయన నా ముఖం చూస్తున్నాడు.

"జాయ్‌స్టిక్‌దే కదా బిడ్డా తప్పు?"

ఆ చేతి కింద రోజూ మనుషులు పనిచేస్తారని నాకు తెలుసు. చెబితే ఆయన ఉద్యోగం పోతుందని కూడా తెలుసు. ఆ క్షణంలో నాకు రెండోదే పెద్దగా కనిపించింది. నేను డాక్టర్నా, చెప్పడానికి నేనెవర్ని అనుకున్నాను. గీత ఉన్న విండో మూసేశాను.

"అవునన్నా. పాతబడింది. సెట్ చేసిస్తాను."

డెడ్‌జోన్ పెంచాను. జాయ్‌స్టిక్ మధ్యలో ఇంతమేర కదిలితే పట్టించుకోవద్దని కంప్యూటర్‌కు చెప్పే సెట్టింగ్ అది. వణుకంతా అందులో మునిగిపోయింది. యాదగిరి అన్న అక్కడే కూర్చుని నౌకను మెల్లగా తీసుకెళ్లి స్టేషన్‌కు కలిపాడు. కళ్లు తుడుచుకుని, "సల్లగుండు బిడ్డా" అన్నాడు. సీపీయూకు మళ్లీ దుప్పటి చుట్టి ఎత్తుకుని వెళ్లిపోయాడు.

తొమ్మిది రోజులు, ఆయనకు నిజం చెబుదామని ఫోన్ తీయడం, చేయకుండానే పెట్టేయడం. పదో రోజు చేశాను. ఎత్తలేదు. మరో రెండు రోజులకు ఆయన రూమ్మేట్ ఎత్తి, క్రేన్ దించుతున్న ఇనుప కడ్డీల కట్ట ఊగి ఒక నేపాలీ కార్మికుడి పాదం మీద పడిందని చెప్పాడు. పాదం తీసేశారట. ఆ తర్వాత మెడికల్ టెస్టులో యాదగిరి అన్నకు నరాల జబ్బని తేలింది.

ఆ వారం సెలవు రోజున మెట్రోలో అల్ వక్రా వెళ్లాను. ఆయన మంచం మీద కూర్చుని బట్టలు మడతపెడుతున్నాడు. కుడిచేయి ఒళ్లో దానంతటది ఆడుతోంది. ఇక దాచుకోవడం లేదు.

"అన్నా, ఆరోజే నాకు తెలిసింది. గీతలో చూశాను. మీకు చెప్పలేదు."

చేతిలోని చొక్కా పక్కన పెట్టాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు: "నాకు గూడ ఎర్కే బిడ్డా. చాయ గ్లాస పట్టుకుంటెనే ఎర్కయ్యింది. గది జాయ్‌స్టిక్‌ది తప్పని ఎవలన్న అంటే ఇందామని నీ దగ్గరికచ్చిన. నువ్వన్నవు. ఆ మాట పట్టుకొనే తెల్లారి క్రేన్ ఎక్కిన."

నన్ను తిట్టలేదు. తిడితే ఏడ్చి తేలికపడేదాన్నేమో. "ఆ నేపాల్ ఆయనకు ఇద్దరు బిడ్డలు" అని మాత్రం అని మళ్లీ చొక్కా మడతపెట్టుకున్నాడు. ఎడమ చేత్తో మడిచింది కుడిచేయి చెదరగొడుతోంది. సాయం చేయబోతే వద్దన్నాడు. ఆ నెలలోనే ఊరికి వెళ్లిపోయాడు. తర్వాత నేను చేసిన ఫోన్లకు జవాబు లేదు.

మా పనిలో లోపం కనబడకుండా చేయడం చాలా సులువు. కస్టమర్ నవ్వుతూ వెళ్తాడు, మనం బాగుచేశామనుకుంటాం. అది బాగుచేయడం కాదని నాకు ఈ కేసు నేర్పింది. ఇప్పుడు మానిటర్‌ను ఎప్పుడూ కస్టమర్ వైపే తిప్పి పెడతాను, నేను చూసింది చూసినట్టే చెబుతాను. అందుకు నన్ను మెచ్చుకునేవాళ్లున్నారు. మెచ్చుకున్నప్పుడల్లా తల దించుకుంటాను. ఆ పాఠానికి ఒక మనిషి పాదం పోయింది. నిజానికి అది నేను కొత్తగా నేర్చుకోవాల్సిందేం కాదు, విండో మూసేసిన ఆ శుక్రవారమే నాకు తెలుసు.