కాకులకు ఐసు చీటీలు

తుఫాను రాని రోజున కూడా ఒక ఊరి ఒడ్డును అల్లకల్లోలం చేయవచ్చునని నిరూపించిన ఘనుణ్ణి నేనే. దానికి నాకు కావలసివచ్చినవి ఒక కంప్యూటరు, ఒక మాన్యువలు, నా తెలివి మీద నాకున్న అపారమైన నమ్మకం. ఇప్పటికి నాలుగైదేళ్ళయింది. జాలిపడకండి, నవ్వండి. ఆ ఊరివాళ్ళు ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

మాది జనపనార మిల్లున్న నెల్లిమర్ల. నాన్న బడిపంతులు. శ్రీకాకుళం వైపు ఒక మత్స్యకారుల సొసైటీలో కంప్యూటరు చూసుకునే ఉద్యోగంలో చేరగానే నాకూ "పంతులు" అనే పేరు అంటుకుంది. అక్కడ నేను చేసిన ఘనకార్యం ఐసు చీటీలు. వేట నుంచి వచ్చే పడవవాళ్ళు ఒడ్డుకు దగ్గరపడగానే ఫోనులో ఒక మీట నొక్కుతారు. వరుస నంబరుతో చీటీ వస్తుంది, ఒడ్డు మీది మైకు ఆ నంబరు పిలుస్తుంది, ఐసు వ్యాను దగ్గర తోపులాట ఉండదు. అంతకుముందు ఈ వరుస చూసేది నూకాలమ్మ. చేపలమ్మే ఆడవాళ్ళందరికీ పెద్దదిక్కు. "మిషనొచ్చీసినాది, నా గొంతుకి సుకం" అని సంబరపడింది కూడా.

ఉన్నది ఒక్కటే కంప్యూటరు. సాఫ్టువేరును డబ్బాలుగా కట్టి అందులో పెట్టాను. వీటిని కంటెయినర్లంటారు. చీటీలకొక డబ్బా, పడవల కబుర్లకొకటి, మైకుకొకటి. వీటిని కనిపెట్టుకుని ఉండే మేస్త్రీ లాంటి ప్రోగ్రాము ఇంకొకటి. నిజానికి ఆ మేస్త్రీ పుట్టింది వందల కంప్యూటర్లున్న పెద్ద కంపెనీల కోసం. నేను ఒక్క మేకకు పెద్ద కాపరిని పెట్టుకున్నాను.

ఒకరోజు ఆ మేస్త్రీకి కొత్త వెర్షను వచ్చింది. వేయక తప్పదు, వేస్తే మిషను కాసేపు ఆగుతుంది. పడవలు రోజూ ఏడింటికల్లా తిరిగొచ్చేస్తాయి కనుక ఆ తర్వాత వేద్దామనుకున్నాను. మా గదికీ ఒడ్డుకూ మధ్య సరుగుడు తోట. కళ్ళతో చూసి రావాలంటే పది నిమిషాలు నడవాలి. చదువుకున్నవాణ్ణి, నడుస్తానా? సొసైటీ పెద్ద అప్పలస్వామికి ఫోను చేశాను.

"మావా, పడవలన్నీ దిగిపోయాయా?"

"దిగిపోనాయిరా పంతులూ, ఒక్కటీ మిగల్లేదు. ఏటి, ఏటైనా పనా?"

"మిషనుకి చిన్న మరమ్మతు మావా."

"సేసుకో, సేసుకో."

అయ్యా, గమనించారా? మా ఊళ్ళో దిగడమంటే లారీలోంచి జనపనార కట్టలు దిగడం. సరుకు దిగింది, పని అయిపోయింది. అప్పలస్వామి మావకు దిగడమంటే పడవ నీళ్ళలోకి దిగడం. తెల్లవారుజామున గాలి ఎక్కువగా ఉండటంతో ఆగిపోయి, ఆ రోజు పడవలన్నీ ఏడింటికి గానీ వేటకు బయల్దేరలేదు!

నేను నిశ్చింతగా మాన్యువలు తెరిచాను. మొదట కంప్యూటరు తలుపుకు గొళ్ళెం పెట్టు, కొత్త డబ్బాలు లోపలికి రాకూడదు. తర్వాత ఉన్న డబ్బాలను ఖాళీ చేయించు, అవి పక్క కంప్యూటరుకు పోయి పని చేసుకుంటాయి. ఇల్లు అలికేటప్పుడు సామాను పక్కింట్లో పెట్టినట్టన్నమాట. మనకు పక్కిల్లే లేదన్న సంగతి మాన్యువలుకు తెలియదు. నాకు తెలియాలి.

గొళ్ళెం పెట్టాను, కానీ చీటీల డబ్బా కదలనంది. "కనీసం ఒక్కటైనా ఎప్పుడూ నడుస్తూ ఉండాలి" అనే నిబంధన ఉందని తెర మీద మొరాయించింది. ఆ నిబంధన పెట్టిందెవరు? నేనే, నెల కిందట, మహా ముందుచూపుతో. "నాకే నీతులు చెబుతావా!" అని నిబంధన చెరిపేసి, డబ్బాను మెడపట్టి గెంటాను. అప్‌డేటు మొదలుపెట్టి ఇడ్లీ తినడానికి వెళ్ళాను. అది నత్తనడకన సాగి పది దాటాక పూర్తయింది. వెంటనే ఫోను మోగింది.

"పంతులూ! మైకు పలకదేటి? పడవలొచ్చీసినాయి!"

"ఏ పడవలు మావా? అన్నీ దిగిపోయాయన్నావుగా?"

"దిగినవి ఒడ్డెక్కవేటిరా? నీట్లోనే కాపురముంటాయేటి?"

తెర చూశాను. డబ్బాలన్నీ బయట "వేచి ఉన్నాయి". వైర్లు పీకి పెట్టాను. మిషను మూడుసార్లు ఆపి లేపాను. చేపలు ఒడ్డెక్కాక ఐసు కోసం వెతికినట్టయింది నా పని.

ఇక్కడ కాస్త నవ్వు ఆపండి. పది రోజులుగా ఖాళీ వలలతో వచ్చినవాళ్ళకు ఆ రోజు మంచి ధర పలికే కోనాం చేపలు పడ్డాయి. నిగనిగలాడే కోనాలు, పైన ఎండ. ఇంకో గంట ఐసు పడకపోతే మెత్తబడిపోతాయి, అడిగేవాడుండడు. చీటీ లేనిదే ఐసు దించనంటున్నాడు వ్యాను డ్రైవరు. ఆ నియమమూ నాదే. తోటలోంచి ఒడ్డుకు పరుగెత్తుతుంటే నాకు నిజంగానే ఏడుపొచ్చింది.

నేను వెళ్ళేసరికి నూకాలమ్మ వ్యాను ఎక్కి నిలబడి ఉంది.

"సీటీ ఏదమ్మా?" అంటున్నాడు డ్రైవరు.

"నానే సీటీని. తప్పుకో!" అని అతణ్ణి పక్కకు నెట్టి గొంతెత్తింది. "ముందు ఎర్రన్న పడవ! తరవాత దానయ్య! ఒరే గురువులూ, ఎనక్కెల్లు. ఆకర్న వచ్చినావు, నాను సూడలేదనుకున్నావేటి?"

ముప్పావు గంటలో ఒడ్డు ఖాళీ. ఒక్క కోనాం కూడా చెడలేదు. నాకు ఆమె కాళ్ళ మీద పడాలనిపించింది.

కొంగుతో మొహం తుడుచుకుంటూ నాతోబాటు గదికొచ్చింది.

"ఏటైనాదిరా నీ మిషనుకి?"

"డబ్బాలు లోపలికి రావట్లేదత్తా. ఎందుకో అర్థం కావట్లేదు."

"తలుపెవులు ఏసినారు?"

"నేనే."

"మల్లీ తీసినావా?"

ఒక్క వరుస టైపు చేసి గొళ్ళెం తీశాను. డబ్బాలు బిలబిలమంటూ లోపలికొచ్చేశాయి. పడవవాళ్ళు నొక్కినా ఫోన్లలోనే ఆగిపోయిన మీటలన్నీ ఒక్కసారిగా అందాయి. తోట అవతల మైకు ఖంగుమంది: "చీటీ నంబరు ఒకటి! ఐసు తీసుకోండి! చీటీ నంబరు రెండు!" అలా ఇరవై మూడు దాకా పిలిచింది. ఒడ్డు మీద కాకులు తప్ప పురుగు లేదు.

నూకాలమ్మ చెవొగ్గి అంతా విని, "బాగా పిలుస్తాదిరా. బేగి ఎల్లు, కాకులు లైన్లో నిల్సున్నాయి" అంది.

మర్నాడు సొసైటీ తీర్మానించింది: పంతులు మిషను ముట్టుకునే రోజున నూకాలమ్మ ఒడ్డు మీద ఉండి తీరాలి. పెద్ద కంపెనీల్లో దీన్ని రెండో సర్వరు అంటారు. నేను అందరి ఎదుటా చెయ్యి చాచి ప్రమాణం చేశాను: "ఒక్క కంప్యూటరున్న కొంపను ఖాళీ చేయమని ఇక ఈ జన్మలో ఆజ్ఞాపించను. తప్పనిసరై చేయాల్సివస్తే, ముందు మా నూకాలమ్మత్తను వ్యాను ఎక్కించి, ఆ తర్వాతే మీట నొక్కుతాను."