కుడి రెక్క

పిల్లలు ఆవిడకి పెట్టిన పేరు రెక్కల టీచర్. ఇరవై రెండేళ్ళుగా ఏడో తరగతికి ఏటా అదే పాఠం: పురాణాల్లో కనబడేలాంటి వింత జంతువుని సొంతంగా ఊహించి గీయాలి. సింహానికి ఊరికే రెక్కలు తగిలించేస్తే ఆవిడ ఒప్పుకునేది కాదు.

"ఎక్కణ్ణుంచి మొలిచాయివి? భుజం ఏది, ఎముకేది? జిగురుతో అంటించినట్టున్నాయి," అని కాగితం వెనక్కిచ్చేసేది.

ఇంట్లో పక్షవాతంతో మంచం పట్టిన అత్తగారు. రోజూ పొద్దున్నే ఆవిణ్ణి చంకల కింద చేతులేసి లేపి, ఒళ్ళు తుడిచి, బట్టలు మార్చి, పరుగున బస్సెక్కేది. మూడో పీరియడుకల్లా బోర్డు పైదాకా చెయ్యి లేచేది కాదు. నడుం ఎత్తులోనే బొమ్మ గీసేది, వెనక బల్లలవాళ్ళు నిలబడి చూసేవాళ్ళు. సిలబస్ అవలేదని లెక్కల మాస్టారు ఆవిడ డ్రాయింగు పీరియడు లాక్కుంటే మొదట్లో పోట్లాడేది. రానురాను సుద్దముక్క బల్ల మీద పెట్టేసి వచ్చేసేది.

ఇరవై రెండో ఏడు ఒక బుధవారం హెడ్మాస్టరు పిలిచాడు.

"ఎల్లుండి బడి చూడ్డానికి ఆఫీసు నుంచి పెద్దవాళ్ళొస్తున్నారమ్మా. వరండాలో ఇరవై బొమ్మలుండాలి, కంటికి ఇంపుగా."

"ఇంకా సగంలోనే ఉన్నాయండీ."

"మీరో చెయ్యి వేస్తే సరి. ఎవరికి తెలుస్తుంది?"

"గీసినవాళ్ళకి తెలుస్తుంది కదండీ."

"మీ కుందేటికి ఎప్పుడూ మూడే కాళ్ళు," అని నవ్వి ఆయన ఫైల్లో తల దూర్చేశాడు.

వాదించే ఓపిక లేకపోయింది. గురువారం సాయంత్రం ఖాళీ తరగతిలో కూర్చుని పెన్సిలు పట్టింది. గీతలు కాస్త ముదురుగా వేద్దామని మొదలుపెట్టి, తోకలు సరిచేసి, కళ్ళు దిద్దింది. చివరిది పిచ్చుకది. పిచ్చుకంటే మూడో బల్లలో కూర్చునే, ఎప్పుడోగానీ నోరు విప్పని పిల్ల; అందరూ పెట్టుకున్న పేరది. ఆ పిల్ల గీసిన జంతువుకి ఎద్దు ఒళ్ళు, ముసలాడి మొహం, పెద్ద రెక్కలు. కుడి రెక్క మాత్రం నేల మీద జీరాడుతోంది. పొరపాటనుకుని చెరిపేసి, రెండు రెక్కలూ సమంగా, ఎగరబోతున్నట్టు గీసింది. చక్కగా కుదిరింది.

శుక్రవారం పొద్దున పిచ్చుక ఆ బొమ్మ ముందు నిలబడిపోయింది.

"ఇది నాది కాదు టీచర్."

"నీదేనమ్మా, కొంచెం దిద్దానంతే."

"అది ఎగరదు టీచర్. కొండల్ని మోసీ మోసీ దాని భుజం జారిపోయింది. మా నాన్న మూటలు మోస్తాడు కదా, చొక్కా తొడుక్కునేటప్పుడు చూసి గీశాను. ఎముక చూసి గీయమని మీరేగా చెప్పారు."

ఆవిడ గుండుసూదులు పీకి బొమ్మ దించేసింది.

"తప్పు నాదే. మళ్ళీ గీస్తావా?"

పిల్ల తలూపింది. స్టాఫ్ రూములో తన కుర్చీలోనే కూర్చోబెట్టి, కొత్త కాగితం ఇచ్చి, తను గోడకానుకుని నిలబడింది. గంట పట్టింది.

"మొదటిదంత బాగా రాలేదు టీచర్."

"రాలేదు," అంది ఆవిడ. అబద్ధం చెప్పాలనిపించలేదు. అయినా తీసుకెళ్ళి తగిలించింది.

వచ్చినవాళ్ళు పందొమ్మిది బొమ్మల్నీ తెగ మెచ్చుకున్నారు. ఇరవయ్యోదాని దగ్గర ఒకాయన ఆగాడు.

"ఈ రెక్కేంటి, వంకరగా ఉంది?"

హెడ్మాస్టరు ఆవిడ వంక గుర్రుగా చూశాడు.

"వంకర కాదండీ, మోసి మోసి జారిన భుజం," అందావిడ.

"ఓహో," అని ఆయన ముందుకి సాగిపోయాడు.

ఆ సాయంత్రం చెప్పులైనా విప్పకుండా అత్తగారి మంచం పక్కన కూలబడింది.

"బొమ్మలు బాగున్నాయన్నారా అమ్మాయ్?" అని అడిగింది పెద్దావిడ.

"నేను గీసినవన్నీ బాగున్నాయన్నారు అత్తయ్యా."

"మరింకేం!"

ఆవిడ లేచి చెప్పులు విప్పింది. ఆ రోజు తర్వాత మాత్రం ఏ పిల్ల కాగితం మీదా పెన్సిలు ఆనించలేదు. ఏదైనా చూపించాల్సివస్తే, పక్కన చిత్తుకాగితం మీద గీసి చూపించేది.