భుజం ముట్టని స్పా అమ్మాయి

నా రాత బాగుండదు, అక్షరాల్లో తప్పులుంటాయి. ఏమనుకోకండి.

వలలు విసిరీ విసిరీ నా కుడి భుజం పట్టేసింది. శామీర్‌పేట చెరువు నిండుగా ఉన్నా నేను గట్టు మీదే కూర్చుంటున్నాను. అది చూడలేక మనవరాలు స్వప్న ఈ రోజు నన్ను ఇక్కడి రిసార్టులో ఉన్న స్పాకు తీసుకుపోయింది.

పోగానే అక్కడ పనిచేసే అమ్మాయి గోరువెచ్చని నీళ్లు తెచ్చి నా కాళ్ల దగ్గర కూర్చుంది. నేను కాళ్లు వెనక్కి లాక్కున్నాను.

"వద్దు బిడ్డా, ఆడపిల్లవు, నా కాళ్లు ముట్టొద్దు."

"ఎవరొచ్చినా ముందుగాల కాళ్లు కడుగుతం తాతా. పెండ్లిల అల్లుని కాళ్లు కడగరా? ఇయ్యాల నువ్వే అల్లునివి అనుకో!"

స్వప్న పడీపడీ నవ్వింది. నా పెళ్లి తర్వాత నా కాళ్లు ఇంకొకరు కడగడం ఇదే మొదటిసారి.

తర్వాత ఆ అమ్మాయి నా పని అడిగి, చెయ్యి ఎత్తమంది. చెవి దాకా కూడా లేవలేదు.

"దీనికి నేను నూనె పెట్టను తాతా. మాది అలిసినోళ్లు హాయిగ పండుకునే స్పా. సుచిత్ర చౌరస్తా కాడ ఉన్న స్పాలు గంటసేపు ఒళ్లు పట్టించుకుని పోయేటియి. నొప్పులకు వైద్యం జేసేటియి వేరే ఉంటయి. ఆడ ముందు డాక్టరు చూస్తడు."

"ఇక్కడి దాకా వచ్చినంక ఊకెనే పంపుతవా?" అంది స్వప్న.

"తెల్వకుండ పిసికితే తాత ఇగ వలనే ఇడిసిపెట్టాల్సొస్తది అక్కా."

వచ్చిన బేరం వద్దనుకుని నా వల గురించి ఆలోచించింది ఆ పిల్ల.

స్పాలన్నీ ఒకటే అనుకునేవాణ్ణి. మేడ్చల్ వైపు డాక్టరు చూసే స్పా ఎక్కడుందో తెలిసినవారు జల్దీ జవాబు రాయండి. చేపలు నా కోసం ఆగవు.