ఎడమ రెక్క, మూడో రిబ్బు

మొన్న మంగళవారం పొద్దున్నే షాపు షట్టర్ సగం ఎత్తానో లేదో ఫోను మోగింది. అమీర్‌పేట నుంచి, మా పాత ఓనరుగారి భార్య.

"మాస్టర్, మీ సారు పోయిండు" అందావిడ. ఏడుపు లేదు. "ఇంత చాయ్ తాగిండు. పేపర్ పట్టుకొని కూసున్నడు. పేజీ తిప్పిన సప్పుడు ఇనవడ్తలేదేంది అని చూస్తే..." అని ఆగి, "నువ్వు జల్ది రా. షామియానా వాళ్లు వచ్చిండ్రు, నువ్వే జర మాట్లాడు. గుడ్డ సంగతి నాకేం ఎరుక?" అంది.

అంత దుఃఖంలోనూ గుడ్డ అనేసరికి ఆవిడకి నేను గుర్తొచ్చాను. దానికో కారణం ఉంది. ఆ కారణం చెప్పాలంటే ఒక విమానం సంగతి చెప్పాలి. కంగారు పడకండి, చిన్న విమానమే.

ఇప్పుడు నా షాపు యూసుఫ్‌గూడలో ఉంది గానీ, అంతకు ముందు పంతొమ్మిదేళ్లు వాళ్ల ఇంటి కింది షట్టర్లోనే కుట్టాను. నా పైన వాళ్ల కాపురం, వాళ్ల పైన డాబా. బందరు వైపు నుంచి ఒక కుట్టు మిషనూ ఐదో తరగతి చదువూ పట్టుకుని వచ్చిన నన్ను ఆయన మొదటి రోజు నుంచీ 'మాస్టర్' అన్నారు. టైలర్లని అందరూ అలాగే పిలుస్తారనుకోండి. కానీ ఆయన పిలిచినప్పుడు మాత్రం, నేను నిజంగానే ఏదో పాఠం చెప్పాలేమో అన్నట్టు ఉండేది. ఆయన బేగంపేటలో విమానాల వర్క్‌షాపులో మెకానిక్. ముప్పై ఏళ్ల పైన ఊరందరి విమానాలకీ బోల్టులు బిగించి, రిటైరై ఇంటికొచ్చి కూర్చున్నారు. కూర్చున్నారనడం తప్పు. ఆయన కూర్చుని ఉండగా నేను చూసింది తక్కువ.

అవి సాఫ్ట్‌వేర్ రోజులు. అప్పటి అమీర్‌పేట మీలో చాలామందికి తెలుసు. గోడ కనిపిస్తే బోర్డు, బోర్డు కనిపిస్తే దాని మీద ఇంకో బోర్డు. మా సందులో ఓనర్లందరూ ఒక్కో గదిని ప్లైవుడ్‌తో రెండు చేసి హాస్టళ్లు పెట్టారు. డాబాల మీద రేకుల షెడ్లు లేపి కంప్యూటర్ క్లాసులకిచ్చారు. మా ఓనరుగారి డాబా మీద కూడా షెడ్డు లేచేసరికి "ఏ కోర్సు అన్నా?" అని సందంతా అడిగింది. "జర ఆగుండ్రి" అన్నారాయన. ఇంకో వారం గడిచాక ఒక లారీ వచ్చి మూడు పొడుగాటి చెక్క పెట్టెలు దించింది. విదేశం నుంచి వచ్చిన విమానం కిట్టు. గొట్టాలు, బోల్టులు, చిన్న ఇంజను, దిండంత పుస్తకం. అది చూసుకుంటూ మనమే బిగించుకోవాలి. పూర్తయితే అందులో ఇద్దరు కూర్చోవచ్చు.

"సోఫా సెట్ అనుకున్న మాస్టర్" అంది ఆవిడ మెట్ల మీద నిలబడి. "ముప్పయ్యేండ్లు డ్యూటీల చూసినవి సాలలేదంట."

"చూసిన. నడిపిన్నా?" అన్నారాయన పెట్టె మేకు పీకుతూ.

ఆయన కోరికంతా అదే. పైలట్లకి నిచ్చెన పట్టుకుని నిలబడ్డ మనిషి. తన చేత్తో కట్టినదాన్ని తన చేత్తో ఒక్కసారి ఎగరేయాలి. అందుకోసం ఉద్యోగంలో ఉండగానే సెలవులు పెట్టుకుని నడపడం నేర్చుకున్నారు. ఏటేటా పంజాగుట్టలో డాక్టరుకి గుండె, కళ్లు, చెవులు చూపించుకుని ఫిట్‌నెస్ సర్టిఫికెట్ రాయించుకునేవారు. ఆ కాగితానికి గడువున్నంత కాలమే విమానం నడపనిస్తారు.

మరి నేనెలా దిగానంటారా? ఈ విమానం రెక్కలు రేకు కావు, గుడ్డ. లోపల గొట్టాలు, వాటికి అడ్డంగా పక్కటెముకల్లాంటి బద్దలు. వాటినే రిబ్బులంటారు. ఆ బోను మీద దిండుకి గలీబు తొడిగినట్టు గుడ్డ తొడిగి, ఇస్త్రీ పెట్టె వేడితో బిగుతెక్కించి, ఒక్కో రిబ్బుకీ దారంతో కుట్టాలి.

"గుడ్డ, ఇస్త్రీ, సూది" అన్నారాయన ఒక మధ్యాహ్నం నా కౌంటర్ మీద మోచేతులానించి. "గివి నాకొస్తయా, నీకొస్తయా?"

"నేను ప్యాంట్లు కుట్టేవాణ్ణండీ అన్నగారూ."

"ప్యాంటుకు రెండు కాళ్లు, దీనికి రెండు రెక్కలు. ఫికర్ ఏంది?"

మొదటి గలీబు కుట్టి డాబా మీదికి పట్టుకెళ్లాను. ఇక్కడ మా వృత్తి రహస్యం ఒకటి చెప్పాలి. కొలతలిచ్చేటప్పుడు ప్రతి మగాడూ పొట్ట లోపలికి పీల్చుకుంటాడు. ఆర్నెల్లలో ఎలాగూ లావెక్కుతాడు. అందుకని బుద్ధున్న టైలరు ముందే కాస్త లూజు వేసి, లోపల కుట్టు దగ్గర ఇంకో అంగుళమున్నర గుడ్డ మడిచి వదులుతాడు, తర్వాత విప్పుకోవడానికి. చేతి అలవాటు కొద్దీ నేను రెక్కకీ వదిలాను. తొడిగి చూస్తే రెక్క అన్నయ్య చొక్కా తొడుక్కున్న తమ్ముడిలా ఉంది. ఎంత ఇస్త్రీ చేసినా ముడతలు పోలేదు. ఆయన దాని చుట్టూ ఒకసారి తిరిగి, చూపుడు వేలితో తట్టి, "మాస్టర్, గిది లావెక్కదు" అన్నారు.

అలా తట్టడం ఆయన అలవాటు. లాగి కట్టిన గుడ్డ ఏది కనపడ్డా వేలితో తట్టి చెవి ఒగ్గేవారు. గొడుగైనా, ఆటో టాపైనా, పెళ్లివారి షామియానా అయినా. "పలుకుతలేదు" అంటే లూజని, "పలికింది" అంటే పాసని. ఒకసారి ఎవరింటి పెళ్లిలోనో అక్షింతలు చేత్తో పట్టుకునే లేచి వెళ్లి షామియానా తాడు బిగించి వచ్చారు. నా రెండో గలీబు మూడు ఇస్త్రీలయ్యాక డప్పులా పలికింది. ఆ రోజు నాకు రెండు చాయ్‌లు తాగించారు.

ఆయన వర్క్‌షాపు పద్ధతులు డాబా మీద కూడా నడిచేవి. చేసినవాడు తన పని తానే చెక్ చేసుకోకూడదు. "చేసిన కన్నుకు తప్పు కనవడది మాస్టర్" అనేవారు. ఆయన బిగించిన ప్రతి బోల్టూ నేను చూసి, వాళ్లావిడ గోళ్ల రంగుతో ఎర్ర చుక్క పెట్టి, పుస్తకంలో సంతకం చేయాలి. నా కుట్టు ఆయన చూసి సంతకం చేస్తారు. జీవితంలో నేను చేసినన్ని సంతకాలు బ్యాంకు మేనేజర్లు కూడా చేసుండరు. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోవడం కూడా ఆ దిండు పుస్తకంతోనే నేర్చుకున్నాను. అందుకే ఇప్పటికీ నాకు ఇంగ్లీషులో బోల్టుల పేర్లు తెలిసినన్ని కూరగాయల పేర్లు తెలియవు.

ఒక్క పనికి మాత్రం చూసేవాళ్లుండరు. రిబ్బుకి కుట్టే కుట్టులో ప్రతి రెండంగుళాలకీ ఒక ముడి పడాలి. పుస్తకంలో ఆ ముడి బొమ్మ చూసి నేను నవ్వాను. అది మా బందరు వైపు వల అల్లేవాళ్లు వేసే ముడే. ఒక చోట దారం తెగినా పక్క ముడి జారదు. వేశాక దాన్ని సూదితో గుడ్డ లోపలికి తోసేయాలి, ఆ పైన పట్టీ అంటించాలి, రంగు వేయాలి. ఇక ఎవరికీ కనపడదు. అందుకని ఒక్కో రిబ్బు అయ్యాక ఆయన అడిగేవారు: "అన్ని ముడులు గట్లనే ఏసినవా?" నేను "వేశానండీ" అనేవాణ్ణి. సంతకం పెట్టేవారు.

రెండున్నరేళ్లకి విమానం పూర్తయింది. ఢిల్లీ నుంచి అనుమతి కాగితం వచ్చింది. ఊరి బయట ఒక చిన్న రన్‌వే దగ్గర చోటు దొరికింది. రిటైరైన కెప్టెన్‌గారొకాయన దగ్గరుండి చూసుకుంటానన్నారు. గురువారం బయల్దేరడం. వానలు ఇంకా మొదలుకాలేదు, ఆయన సర్టిఫికెట్‌కి ఇంకా నెల గడువుంది. అంతా కుదిరింది.

సోమవారం సాయంత్రం డాబా మీద చాయ్ తాగుతుంటే ఆయన చాలా మామూలుగా అన్నారు: "రెండో చక్కర్ల నువ్వెక్కుతవు మాస్టర్."

"నేనెందుకండీ?"

"సంతకం వెట్టినోడు ఎక్కాలె. మా వర్క్‌షాపుల గదే రూలు."

చాయ్ పూర్తిచేశాను. కిందికి దిగాను. ఎవరిదో ప్యాంటుకి జేబు తిరగేసి కుట్టాను. విప్పి మళ్లీ తిరగేసే కుట్టాను. ఎందుకంటే నాకో రోజు గుర్తొచ్చింది. ఆ వారం ఏదో పెద్ద కంపెనీ ఇంటర్వ్యూలు. సందులో హాస్టళ్లన్నీ నా షాపు ముందే ఉన్నాయి. అందరికీ రేపటికల్లా నల్ల ప్యాంటు కావాలి. ఓనరుగారు ఏటా చేయించుకునే డాక్టరు పరీక్షలకి పంజాగుట్ట వెళ్లారు. నేను డాబా మీద ఒక రిబ్బు మిగిలిందని పైకెళ్లి, కింద కేకలు వింటూ, గబగబా కుట్టేశాను. ఆ తొందరలో చేతులు వల ముడి వేశాయా, ఏళ్ల తరబడి అలవాటు కొద్దీ చొక్కా గుండీకి వేసే ముడి వేశాయా? సాయంత్రం ఆయన అడిగితే "వేశానండీ" అన్నాను. అప్పుడు నాకు అనుమానం రాలేదని చెప్పను. వచ్చింది. పక్కన పెట్టాను. ఆ రెక్క మీద ఆయన ప్రాణం ఒక్కటే ఉన్నన్నాళ్లూ ఆ అనుమానం బుద్ధిగా పక్కనే కూర్చుంది. నా ప్రాణం కూడా ఎక్కుతుందని తెలిసిన పావుగంటకి లేచి నిలబడింది. నా గురించి ఇంతకంటే గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు.

మళ్లీ పైకెక్కాను. చెప్పాను.

ఆయన ఒక్కటే అడిగారు: "ఏ రిబ్బు?"

"ఎడమ రెక్కండీ. చివర నుంచి మూడోది."

లోపలికెళ్లి బ్లేడు తెచ్చి నా చేతికిచ్చారు. "కొయ్యి."

"అన్నగారూ, ఒకవేళ బాగానే వేసుంటే..."

"కుట్టినోడే కొయ్యాలె."

రెండున్నరేళ్ల పని మీద, ఆరిన తెల్ల రంగు మీద బ్లేడు దింపాను. అన్నీ గుండీ ముడులే. వాటిలో రెండు అప్పటికే జారి వదులయ్యాయి. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి తోసి, ఆ రెండింటినీ గోటితో కదిపి చూశారు.

"ఇగ మొత్తం ఇప్పాలె" అన్నారు.

"గురువారం పోదామంటివి గదా?" అంది ఆవిడ, ఆరేసిన బట్టలు తీస్తూ.

"పోం."

గుడ్డ మళ్లీ తెప్పించాలి, ఎడమ రెక్క మళ్లీ కుట్టాలి. అది వచ్చేలోపు వానలు పట్టుకున్నాయి. తడి గాలిలో రంగు ఆరదు. ఈలోగా సర్టిఫికెట్ గడువు తీరింది. కొత్తదానికి పంజాగుట్ట వెళ్లొచ్చిన రోజు ఆయన పైకెళ్లకుండా నా షాపు స్టూలు మీద కూర్చున్నారు. గుండె పరీక్షలో ఏదో తేడా కనపడిందట. మందులేసుకుంటే మామూలుగా బతకొచ్చు, విమానం మాత్రం నడపకూడదని రాసిచ్చారట.

అసలా గురువారమే వెళ్లుంటే, అని మొదలుపెట్టాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"నువ్వు జెప్పకపోతే నాకు ఎరుకయ్యేదే కాదు. జెప్పినవు. ఇగ దాని మీద మాట వద్దు మాస్టర్." అని కౌంటర్ మీదున్న ప్యాంటు గుడ్డ తీసి మడత పెట్టడం మొదలుపెట్టారు. ఆయన మడత ఎప్పుడూ వంకరగానే వచ్చేది. ఆ తర్వాత ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. అలిగి ఎత్తకపోవడం వేరు. నాకు ఆ తేడా తెలుసు.

వానలు వెలిశాక విమానం బయల్దేరింది. రెక్కల్ని తాళ్లతో డాబా నుంచి దింపి లారీ ఎక్కించాం. తెల్లగా, పొడుగ్గా ఉన్న రెక్కని చూసి సందులో పిల్లలంతా కొత్త ఇన్‌స్టిట్యూట్ బోర్డనుకున్నారు. "ఏం కోర్సన్నా? ప్లేస్‌మెంట్ ఉందా?" అని ఒకడు లారీ వెంట నడిచాడు. పంజాగుట్ట చౌరస్తాలో ట్రాఫిక్ కానిస్టేబుల్ ఆపాడు.

"గిదేంది భాయ్?"

"విమానం" అన్నారు ఓనరుగారు.

"మజాక్ చేస్తున్నవా? హోర్డింగులకు పర్మిషన్ లేదు గీడ."

ఢిల్లీ కాగితం చూపించాక అతను రెక్క మీద చెయ్యి వేసి చూసి, మొత్తం చౌరస్తా ఆపి మమ్మల్ని పంపించాడు. మంత్రిగారి కార్ల కోసం తప్ప ఆ చౌరస్తా అలా ఆగడం నేను మళ్లీ చూడలేదు.

మొదటి చక్కరు కెప్టెన్‌గారు ఒక్కరే కొట్టొచ్చారు. రెండోది నాది. పైనుంచి ఏం చూశావని ఇప్పటికీ అడుగుతుంటారు. అబద్ధమెందుకు, నేను చూసింది ఎడమ రెక్క, చివర నుంచి మూడో రిబ్బు. ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా అదే చూశాను. మూడో చక్కరు ఓనరుగారిది, కెప్టెన్‌గారి పక్క సీట్లో. నేను కుట్టిన తెల్ల చొక్కా వేసుకుని, పై గుండీ కూడా పెట్టుకుని ఎక్కారు. పావుగంట తిరిగొచ్చారు. దిగాక రెక్కని వేలితో తట్టి, "ముడత లేదు" అని నాతో అన్నారు. పక్కకి తిరిగి కళ్లజోడు చాలాసేపు తుడుచుకున్నారు.

కెప్టెన్‌గారు తర్వాత నాకు చెప్పారు. పైకెళ్లాక కెప్టెన్‌గారే, "పట్టుకోండి సార్, ఇక్కడ చూసేదెవరు?" అన్నారట. ఆ విమానానికి రెండు వైపులా నడిపే స్టిక్కులున్నాయి. ఓనరుగారు తన ముందున్న స్టిక్కు వంక చూశారట. రెండు చేతులూ మోకాళ్ల మీదే పెట్టుకుని, "సర్టిఫికెట్ లేదు గద కెప్టెన్ సాబ్" అన్నారట.

ఆ విమానాన్ని ఆ రన్‌వే వాళ్లకే వదిలేశారు. డాబా మీద షెడ్డు విప్పేశారు. ఆవిడకి బట్టలారేసుకునే చోటు తిరిగొచ్చింది. ఆయనెప్పుడైనా షాపు ముందు నిలబడి, ఆకాశంలో ఏదైనా చిన్న చప్పుడు వినపడితే, చూడకుండానే ఏ ఇంజనో చెప్పేవారు. నేను పైకి చూసి తలూపేవాణ్ణి, నాకేదో తెలిసినట్టు.

మొన్న వెళ్లేసరికి ఇంటి ముందు షామియానా వేసేశారు. కుర్చీలు కూడా వచ్చాయి. ఆయన్ని కింద వరండాలో పడుకోబెట్టారు, తెల్ల చొక్కాలో. కాళ్ల దగ్గర కాసేపు నిలబడ్డాను. బయటికొచ్చి తల పైకెత్తితే షామియానా మధ్యలో జారి, కూర్చున్నవాళ్ల నెత్తి మీదికి పొట్ట దించినట్టుంది. వేలితో తట్టాను. పలకలేదు. షామియానా వాళ్లు "గాలికి సరైతది అన్నా" అన్నారు. నేనే మూల గుంజ దగ్గరికెళ్లి తాడు విప్పి, లాగి, ఇంకో రెండు చుట్లు తిప్పి, వల ముడి వేశాను. నాలుగు మూలలా వేశాను. ఈసారి ముడి తప్పలేదు. చుట్టాలు నావంక వింతగా చూశారు. ఆవిడ మాత్రం గుమ్మంలో నిలబడి, చెవి ఇటు పెట్టింది.

మళ్లీ తట్టాను.