లాలాగూడ బోగీల మీది బొమ్మలు

మా పత్రిక పేరు నెట్ సెంటర్ కంప్యూటర్ తెర మీద కనబడింది. దాని కింద బొమ్మలు ఉండాల్సిన చోట ఖాళీ డబ్బాలు, ఒక్కోదాంట్లో చిన్న ఎర్ర ఇంటూ గుర్తు. ఫొటోలు రాలేదని నాకు అర్థమైంది. పక్క కుర్చీలో ఉన్న ఆమె మాత్రం తెర దగ్గరికి వంగి, "గివేనా అమ్మా? గింత చిన్నగ గీసిండా మా ఆయన?" అని అడిగింది.

ఆమె భర్త లాలాగూడ రైల్వే షెడ్డులో రంగులు వేసేవాడు. మరమ్మతుకు వచ్చిన బోగీల మీద ముందు సుద్దముక్కతో బొమ్మలు గీసేవాడు: కునుకు తీసే కూలీలు, మేకలు, మోండా మార్కెట్‌లో బేరమాడే ఆడవాళ్ళు. మధ్యాహ్నానికి తనే వాటి మీద రంగు పూసేసేవాడు. అక్కడే పనిచేసే మా తమ్ముడు, ఆఫీసర్లు చూడకుండా, ఫ్లాపీ పెట్టే అరువు కెమెరాతో వాటిని ఫొటో తీసేవాడు. ఇలా ఎవరి కంటా పడని బొమ్మల కోసమే మేమిద్దరం ఇంటర్నెట్‌లో, ఉచితంగా చోటిచ్చే సైటులో, చిన్న పత్రిక పెట్టాం.

షెడ్డులోకి బయటివాళ్ళను రానివ్వరు. ఆమె ఒక్క బొమ్మా చూడలేదు. "దసరాకు కంప్యూటర్ల చూపిస్తా అన్నడు" అంది. దసరా రాకముందే జ్వరంతో పోయాడు. దినాలయ్యాక ఆమె గడప దాటి వచ్చింది ఈ నెట్ సెంటర్‌కే.

"రీఫ్రెష్ కొట్టక్కా, జెర స్లో ఉంది" అన్నాడు సెంటరాయన. కొట్టాను. ఈసారి పత్రిక పేరు కూడా పోయింది. ఉచిత పేజీలన్నీ తీసేశామని ఇంగ్లీషులో ఒకే ఒక్క వాక్యం.

"ఖరాబైందా? రేపొద్దామా మల్ల?" అంది ఆమె. తల ఊపాను.

సాయంత్రం తమ్ముణ్ణి ఆ ఫొటోలున్న ఫ్లాపీ అడిగాను.

"ఏ ఫ్లాపీ అక్కా? ఉన్నది ఒక్కటే. సైట్ల ఎక్కించినంక తుడిచి, మల్ల దాన్లనే తీస్తుంటిమి గద."

ఇంటర్నెట్‌లో పెట్టింది ఎక్కడికి పోతుందిలే అని ఇద్దరికీ ధీమా. వాడు గోడవైపు తిరిగి కూర్చున్నాడు. వీపు కదులుతుంటే తెలిసింది ఏడుస్తున్నాడని.

పొద్దున జడలు వేస్తూ మా పిల్లలకు చెప్పాను. "నెట్ సెంటర్‌కు వెళ్దామని ఆ ఆంటీ మనింటికి వస్తుంది. బొమ్మలు చూశారా అని అడగొద్దు. అవి పోయాయి, ఇక రావు. ఆమెకు నేనే చెప్పాలి. నేను చెప్పేటప్పుడు మీరు వంటింట్లో ఉండండి. ఏడుపు వినిపించినా బయటికి రాకండి."