పడవవాడి రహస్యం, చూసినవారు ఒకరు

మొన్న ఆదివారం మా మనవరాలు నా ట్యాబ్‌లో పాత యాప్ తీసేసి కొత్తది వేసింది. మా కథల ఆటలో ఇక ఎవరి పేజీ వారికే తెరుచుకుంటుందట, కథ చెప్పేవారి రహస్యాలు మిగిలినవారు చూద్దామన్నా కనబడవట. మంచి ఏర్పాటే అన్నాను గాని, రేపల్లె రైలులో నాకు చెమటలు పట్టిన ఒక శనివారం గుర్తుకొచ్చింది.

మన తరం వాళ్ళకి ఈ ఆట సంగతి కొంచెం చెప్పాలి. ఒకరు కథ నడుపుతారు, మిగిలినవారు తలా ఒక పాత్ర పట్టుకుని, ఇప్పుడు నేనిలా చేస్తానని చెప్పి పాచిక వేస్తారు, పడిన అంకెను బట్టి కథ మలుపు తిరుగుతుంది. అప్పట్లో బాపట్లలో చదువుకునే మనవరాలు కథ నడిపేది, రేపల్లెలో మా అక్క, బావ, వాళ్ళ కోడలు ఆడేవారు. బల్ల మధ్య ట్యాబ్‌లో నది పటం వెలుగుతూ ఉండేది, ఎవరి పాత్రకి ఎంత బలం మిగిలిందో వారి ఫోన్లో కనిపించేది. చిన్నప్పటి నుంచి డైరీ రాస్తున్నవాణ్ణి కనుక, జరిగిన కథ రాసిపెట్టే పని నాది.

పెనుమూడి లాంటి ఒక రేవు, వరద, దొంగల భయం, ఊరు విడిచి పోతున్న ముగ్గురు మనుషులు, అదీ కథ. నెలల తరబడి వాళ్ళని ఏరు దాటిస్తూ వచ్చిన ముసలి పడవవాడే దొంగల నాయకుడన్నది చివరి రోజున బయటపడాలి. హాస్టల్లో తన మొదటి కథకి తోటిపిల్లలు మధ్యలోనే నవ్వి లేచిపోయారని, ఇది కూడా పాడైతే ఇక కథల జోలికి పోనని ఆ పిల్ల నాతో అంది. ఎక్కడైనా పొసగని చోటుందేమో చూడమని రహస్యం నా ఒక్కడికే చెప్పింది. ఏ రోజు సంగతి ఆ రోజు రాయకపోతే తోచని మనిషిని, తారీఖు వేసి మరీ పూసగుచ్చినట్టు ట్యాబ్‌లో రాసిపెట్టాను.

ఆ చివరి రోజు ఆటకని శనివారం తెనాలిలో నేనూ మనవరాలూ రైలెక్కి వేమూరు దాటుతుండగా, రాసింది సరిచూద్దామని తెరిస్తే, నా సొంత పేజీ అనుకున్నది కాస్తా ఆడేవాళ్ళందరూ చూసే పేజీ. అడుగున చిన్న అక్షరాలతో 'చూసినవారు: ఒకరు' అని ఉంది. గబగబా చెరిపేశాను, కాని ఆ ఒకరెవరో యాప్ చెప్పదు. ఎదురు సీట్లో మనవరాలు పడవవాడి మాటలు పెదవుల మీదే వల్లెవేసుకుంటోంది. చెబితే అక్కడికక్కడే నీరుగారిపోతుంది, చెప్పకపోతే బల్ల దగ్గర ఎవరు గుట్టు విప్పేస్తారో తెలియదు. భట్టిప్రోలు వెళ్ళిపోయింది, పల్లికోన వెళ్ళిపోయింది, నాకు నోరు రాలేదు.

అక్క అయితే గుమ్మంలోనే అడిగేసేది, ఆవిడకి దాచడం చేతకాదు. ఇక కోడలో, బావో. బావ అయితే మరీ ప్రమాదం. పేకాటలో ఓడితే ముక్కలు విసిరికొట్టే మనిషి, ముందే కనిపెట్టానని చెప్పుకునే అవకాశం వదులుకోడు.

సాయంత్రానికి కథ రేవు చేరింది. మనవరాలు ట్యాబ్‌లో వరద హోరు పెట్టింది. నేను రాయడం మానేసి ఒక్కొక్కరి మొహమే చూస్తున్నాను. కోడలు పాచిక గుప్పిట్లో పట్టుకుని ఆగింది.

"మావయ్యగారూ, ఈ పడవ వద్దేమోనండి. గట్టెంబడే నడిచి పోదాం."

మనవరాలి వేలు ట్యాబ్ మీద బిగుసుకుపోయింది. చూసింది కోడలేనేమో అనుకున్నాను.

"నడవటం ఏంటమ్మా, మోకాళ్ళు నీవా, నావా? ఇన్నాళ్ళు దాటించినోడు ఇవాళ ముంచుతాడా? ఎక్కండి," అన్నాడు బావ.

"ముంచితే ముందు మిమ్మల్నే ముంచాలి," అంటూ అక్క తన పాచిక వేసింది.

ఏటి నడుమ పడవవాడు తెడ్డు పక్కన పెట్టి తన అసలు పేరు చెప్పాడు. అక్క నోరు నొక్కుకుంది, కోడలు కుర్చీలోంచి లేచిపోయింది, బావ నెత్తి కొట్టుకుని, "ఎంత మోసం చేశావే మనవరాలా," అని వెనక్కి వాలాడు. ఆ పిల్ల మొహం అంతగా వెలగడం నేను అంతకుముందు చూడలేదు.

కోడలు వరదకి జడిసి అన్న మాటేనని తరువాత తెలిసింది. తిరుగు రైలుకి సాగనంపడానికి వచ్చిన బావ, మనవరాలు నీళ్ళ సీసా కోసం పక్కకి వెళ్ళగానే, నా భుజం మీద చెయ్యేసి, "ఏమోయ్, ఏ పేజీలో రాస్తున్నావో కాస్త చూసుకుని రాయి," అన్నాడు. అంతే. ఆ మాట మళ్ళీ ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

మనవరాలు ఇప్పటికీ కథలు చెబుతూనే ఉంది. కొత్త యాప్‌లో నాబోటివాడు పొరపాటు చేద్దామన్నా కుదరదు, అది మంచిదే, కాదనను. కాని ఓటమి సహించని ఒక మనిషి, అంతా తెలిసీ, ఒక పిల్ల కోసం తనంతట తాను ఆ పడవ ఎక్కడం నేను చూశాను. ఇప్పుడు పేజీపేజీకీ తాళం పడింది. ముందే తెలిసే వీలు ఇక ఎవరికీ లేదు, తెలిసీ ఊరుకునే వీలూ లేదు.