మా ఊళ్ళో గాలి ఉండేది

ఈమధ్య మా హుస్నాబాద్‌లో ఒక పెళ్ళి బంతిలో పక్కనున్నతను పాత కథ ఎత్తుకున్నాడు. గాలే లేని ఊళ్ళో గాలిమరతో కరెంటు తీస్తానన్న పిచ్చోడి కథ. అందరూ నవ్వారు. ఊరికి ఆ కథ అంటించింది నేనే. అది అబద్ధం.

ఆ పిచ్చోడు మా పొరుగింటాయన. బెల్లంపల్లి బొగ్గుబాయిలో ఫిట్టరుగా చేసి, ఎనభైల మొదట్లో ఊరికి తిరిగొచ్చాడు. నోరు పెద్దది. ఏం మాట్లాడినా బాయి గొప్పలే. నేను కాకా అనేవాణ్ణి. నాకంటే ఎంతో పెద్దవాడైనా, మాది ఊరి పెత్తనం చేసిన ఇల్లని ఆయన నన్ను పటేలా అనేవాడు.

మా రెండు పెరళ్ళ మధ్య తుమ్మకంప కంచె ఉండేది. ఎండాకాలం చివర రెండిళ్ళూ కలిసి దాన్ని కొత్తగా కట్టేవి. ఒక ఏడు కంప కొట్టుకొచ్చే వంతు మాది, మరుసటి ఏడు వాళ్ళది. కంప తెచ్చినవాళ్ళకు ఆ పూట అన్నం రెండో ఇంట్లో.

అప్పుడు కరెంటు సగం రోజు ఉండేది కాదు. కాక పాత జీపు డైనమోకు టేకు రెక్కలు బిగించి, పెరట్లో ఇనప గొట్టం మీద, ఇంటి కొప్పుకు కాస్త పైన నిలబెట్టాడు. ఆషాఢంలో పడమటి గాలి మా పెరడు దాటి వెళ్ళి ఆ మరను గిర్రున తిప్పేది. ఊరంతా చీకట్లో ఉంటే వాళ్ళ అరుగు మీద బల్బు వెలిగేది, రేడియో మోగేది. మా ఇంటి ఆడవాళ్ళు కూడా అక్కడే కూర్చునేవారు. అది నాకు గుచ్చుకుంది. ఇట్లాంటివి పెద్దవి పెడితే బజారు దీపాలన్నీ వెలుగుతాయని ఆయన చాయ్ హోటల్లో చెప్పుకుంటుంటే ఇంకా గుచ్చుకుంది.

ఆ మరుసటి ఏడు కంప వంతు నాది. ముళ్ళతో గీసుకునే పని ఇక నావల్ల కాదన్నాను. పాత కంచె పీకి తగలబెట్టించి, ఆ గట్టు మీద సుబాబుల్ ఒత్తుగా నాటించాను. బర్రెలకు ఆకు, కాగితం మిల్లుకు కర్ర.

కాక వచ్చి మొక్కలు చూశాడు. "పటేలా, గివి కొప్పు దాటుతయి. నా మరకు గాలి గిటుకెల్లే రావాలె. ఛాతి ఎత్తుల కొట్టేస్తనంటే పెట్టుకో."

"కొట్టేస్త తియ్ కాకా," అన్నాను.

కొట్టలేదు. బర్రెలకు చేతికందే కింది కొమ్మలు కోసుకుంటూ, కర్ర సాగాలని తలలు వదిలేశాం. చెట్లు కొప్పు దాటేసరికి మర ఆగి ఆగి తిరిగి, చివరికి నిలిచిపోయింది. ఆయన అడిగినప్పుడల్లా రేపన్నాను.

అంతలో చిన్న పట్టణాలకు గాలి కరెంటు పనికొస్తుందేమో చూడటానికి ఒక అధికారి వస్తున్నాడని తెలిసింది. ముందురోజు కాక మా వాకిట్లో నిలబడ్డాడు. ఆ రోజు గొప్పలు లేవు. "మర ముంగటి చెట్లు జర తలలు తీస్తే సాలు పటేలా. సారు పోయినంక మల్ల పెంచుకో." కూలీలు దొరకలేదన్నాను. నేను అడిగితే కదా దొరకడానికి.

అధికారి వచ్చాడు. చుట్టూ జనం. సుబాబుల్ తలలు ఊగుతున్నాయి, వాటి వెనక మర కదలడం లేదు. కాక చెట్లవైపు చెయ్యెత్తి ఏదో చెప్పబోయాడు. నేను అడ్డుపడ్డాను.

"మా ఊర్లె గాలెక్కడిది సార్. కాక ఊదితేనే తిరుగుతది."

అధికారి కూడా నవ్వి జీపెక్కాడు.

నా మీద నాకున్న కోపం సరే. ఆ నవ్వినవాళ్ళ మీదా కోపమే. ఆషాఢంలో గాలికి లేచిన పెంకులు సర్దుకునేది వాళ్ళు కాదా? చెట్లు ఊగడం వాళ్ళ కళ్ళకు కనబడలేదా? కనబడింది. పటేల్ నవ్వించాడు కాబట్టి నవ్వారు. ఆ నవ్వు ఇంకా ఆపలేదు.

కాక నన్ను తిట్టలేదు. "ఇగ మన నడుమ కంచె పని లేదు పటేలా," అని మర దించేశాడు. బెల్లంపల్లిలో కూతురి దగ్గరికి వెళ్ళి, అక్కడే పోయాడు. తర్వాత నేను సుబాబుల్ నరికించి మిల్లుకు అమ్మాను. ఆ వానాకాలం పడమటి గాలి మా దండెం మీది చీరను ఎగరేసుకుపోయి ఆయన ఉత్త గొట్టానికి చుట్టింది. విప్పుకు రావడానికి నేనే వెళ్ళాను.

బంతిలో ఇదంతా చెప్పాను. "గాలి ఉండె. నా చెట్లే ఆపినయి. కాక కొట్టుమన్నడు, నేను కొట్టలే."

పక్కనున్నతను తొడ చరుచుకుని నవ్వాడు. "పటేల్ చెప్తేనే మజా," అని, నా విస్తట్లో ఇంకో బూరె వేయమన్నాడు.

నేను విస్తరి మడిచి లేచాను.